మూత్రపిండాల పనితీరును ఎంఆర్‌ఐతో అంచనా వేయడం ఎలా?

కిడ్నీల మాట ఎత్తితే మన దగ్గర ముందుగా వచ్చే ప్రశ్న "క్రియాటినిన్ ఎంత?" అన్నదే. ఆ పరీక్ష చవక, చిన్న ఊళ్లలో కూడా దొరుకుతుంది, దాని స్థానాన్ని ఎంఆర్‌ఐ ఆక్రమించబోదు. అయితే ఆ ఒక్క అంకె దాచిపెట్టే సంగతులు కొన్ని ఉన్నాయి. క్రియాటినిన్ 1.0 అని రిపోర్టు వచ్చిన పాతికేళ్ల యువకుడికి, క్రియాటినిన్, వయసు, లింగాలను బట్టి అంచనా వేసే 2021 నాటి సీకేడీ-ఎపీ సూత్రం ప్రకారం లెక్కిస్తే, వడపోత రేటు (కిడ్నీలు రక్తాన్ని వడగట్టే వేగం) నిమిషానికి దాదాపు 107 మి.లీ. అని తేలుతుంది, అదే 1.0 ఉన్న డెబ్బై ఏళ్ల మహిళకు అది 61 దగ్గరే ఆగుతుంది. పైగా ఆ అంకె రెండు మూత్రపిండాలకూ కలిపి వచ్చినది. కుడిది సగం పాడై ఎడమది ఆ భారాన్ని మోస్తున్నా, రెండూ సమానంగా పనిచేస్తున్నా రక్తపరీక్ష ఒకే మాట చెబుతుంది. రక్తం సరిగ్గా చేరుతోందా, లోపలి కణజాలానికి ఆక్సిజన్ అందుతోందా, మచ్చకట్టడం ఎంతవరకు వచ్చింది, మూత్రం దిగేదారిలో అడ్డేమైనా ఉందా అన్న ప్రశ్నలకు రక్తపు చుక్కలో జవాబు దొరకదు. ఎంఆర్‌ఐ ఉపయోగపడేది అక్కడే.

స్కాన్ రాసే వైద్యులను, తీసే టెక్నీషియన్లను, రిపోర్టు రాయడం నేర్చుకుంటున్న రేడియాలజీ విద్యార్థులను దృష్టిలో పెట్టుకొని ఈ వివరాలు రాస్తున్నాను. తమకు ఈ స్కాన్ ఎందుకు రాశారో తెలుసుకోవాలనుకునే రోగులు కూడా సిద్ధమయ్యే విధానం గురించిన భాగాన్ని చదువుకోవచ్చు.

మొదట ప్రశ్నను కాగితం మీద పెట్టండి

"ఎంఆర్‌ఐ కిడ్నీ" అని మాత్రమే రాసి పంపిన చీటీకి పనితీరు గురించిన జవాబు రాదు, కేవలం బొమ్మలు వస్తాయి. ఎంఆర్‌ఐ యంత్రం ఒకటే అయినా అందులో రక్తప్రవాహాన్ని కొలిచే పద్ధతి వేరు, ఆక్సిజన్‌ను పసిగట్టే పద్ధతి వేరు, నీటి అణువుల కదలికను చూసే పద్ధతి వేరు. అన్నీ ఒకేసారి తీయాలంటే గంట దాటిపోతుంది, రోగి ఊపిరి బిగబట్టి బిగబట్టి అలసిపోతాడు, చివరికి వచ్చే చిత్రాలు దేనికీ పనికిరావు. అందువల్ల చీటీ మీద ఒక ప్రశ్న, కుదిరితే ఒకే ఒక్క ప్రశ్న, స్పష్టంగా ఉండాలి.

వంశపారంపర్యంగా వచ్చే పాలిసిస్టిక్ కిడ్నీ వ్యాధిలో ఎవరికి త్వరగా ముదురుతుందో తెలియాలంటే కిడ్నీల మొత్తం ఘనపరిమాణం కొలవాలి. దీనికి కాంట్రాస్ట్ (చిత్రంలో తేడాలు తేలేందుకు నరంలో ఎక్కించే మందు) అక్కరలేదు. పుట్టుకతోనే మూత్రం దిగేచోట ఇరుకు ఉన్న పిల్లవాడిలో ఏ కిడ్నీ ఎంత పనిచేస్తోందో తెలియాలంటే కాంట్రాస్ట్ ఇచ్చి మూత్రమార్గాన్ని చూపే ఎంఆర్ యూరోగ్రఫీ కావాలి. కిడ్నీ ధమని సన్నబడిందన్న అనుమానం ఉంటే ఆ ధమనిలో నిమిషానికి ఎంత రక్తం పారుతోందో ఫేజ్ కాంట్రాస్ట్ పద్ధతిలో కొలవవచ్చు. దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధిలో లోపలి స్థితిని అంచనా వేయాలంటే ఆక్సిజన్‌ను చూసే బోల్డ్, నీటి వ్యాపనాన్ని చూసే డిఫ్యూజన్, రక్తప్రసరణను చూసే ఏఎస్ఎల్, టీ1 మ్యాపింగ్ ఉన్నాయి. అయితే వీటిలో ఎక్కువ భాగం ఇంకా పరిశోధనలకే పరిమితమని, వీటిని చూసి మందు మార్చే దశ రాలేదని ముందే ఒప్పుకోవాలి.

ఎప్పుడు అవసరం లేదో కూడా చెప్పుకోవాలి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటి, సోంపేట, పలాస వైపు గ్రామాల్లో ఏళ్ల తరబడి కనిపిస్తున్న కిడ్నీ వ్యాధిని ఆదిలో పట్టుకోవడానికి కావలసింది ఊరూరా రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్, అవసరమైతే అల్ట్రాసౌండ్. ఆ పరీక్షలే అందని చోట ఎంఆర్‌ఐ గురించి మాట్లాడటం అన్నం లేని ఇంట్లో నేతిని గురించి మాట్లాడినట్టు ఉంటుంది.

గాడోలినియం ఇవ్వాలా, వద్దా?

కిడ్నీ రోగికి ఎంఆర్‌ఐ అనగానే అందరూ జంకేది ఈ మందుకే, ఆ జంకుకు కారణం కూడా ఉంది. డయాలసిస్ మీద ఉన్న కొందరిలో చర్మం గట్టిపడి, కీళ్లు బిగుసుకుపోయే ఒక కొత్త జబ్బును 1997లో మొదటిసారి గమనించారు, 2000లో దాన్ని వైద్య పత్రికలో వివరించారు. దానికి నెఫ్రోజెనిక్ సిస్టమిక్ ఫైబ్రోసిస్ అన్న పేరు వచ్చింది. ఎంఆర్‌ఐలో ఇచ్చే గాడోలినియం కాంట్రాస్ట్‌కూ దానికీ సంబంధం ఉందని 2006లో బయటపడింది. 2007లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ మందులన్నింటి మీదా పెద్ద హెచ్చరిక ముద్రించమని ఆదేశించింది. 2010లో వాటిలో మూడింటిని, అంటే గాడోడయమైడ్, గాడోపెంటెటేట్, గాడోవెర్సెటమైడ్‌లను, కిడ్నీ హఠాత్తుగా దెబ్బతిన్నవారికీ, వడపోత రేటు 30 కంటే తక్కువ ఉన్న దీర్ఘకాలిక రోగులకూ అసలు ఇవ్వకూడదని నిర్ణయించింది.

ఆ మూడూ గాడోలినియం అయాన్‌ను తెరిచి ఉన్న గొలుసులాంటి అణువుతో పట్టి ఉంచేవి. కిడ్నీ దాన్ని త్వరగా బయటికి పంపలేనప్పుడు ఆ పట్టు సడలి అయాన్ విడిపోతుంది. ఇప్పుడు వాడుకలో ఉన్న గాడోబ్యూట్రాల్, గాడోటెరేట్, గాడోటెరిడాల్ వంటివి అయాన్ చుట్టూ మూసిన వలయంలా ఉంటాయి, అంత సులభంగా వదలవు. ఇలా ప్రమాదం అతి తక్కువని 'రెండో వర్గం'లో చేర్చిన మందులు తీసుకున్న తీవ్ర కిడ్నీ రోగుల సమాచారాన్ని ఒకచోట చేర్చి 2020లో ప్రచురించిన మెటా విశ్లేషణలో, 4,931 మందిలో ఒక్కరికి కూడా ఆ జబ్బు రాలేదు. కాబట్టి "కిడ్నీ పేషెంటు, కాంట్రాస్ట్ ఇవ్వం" అని కళ్లు మూసుకుని తిప్పి పంపడం నేటి జ్ఞానానికి తగదు. అలాగని అవసరం లేకుండా ఇవ్వడమూ తప్పే. ఏ మందు ఇస్తున్నారో పేరుతో సహా రిపోర్టులో రాయాలి; "కాంట్రాస్ట్ ఇవ్వబడింది" అన్న ఒక్క ముక్క చాలదు.

డయాలసిస్ మీద ఉన్నవారికి కాంట్రాస్ట్ తప్పనిసరైతే, మామూలుగా జరిగే డయాలసిస్‌కు కాస్త ముందుగా స్కాన్ పడేలా సమయం కుదుర్చుకోవాలి. ఒక్క విడతలో మందంతా పోదు, వరుసగా మూడు నాలుగు విడతలు పడతాయి. గర్భిణులకు గాడోలినియం ఇవ్వకుండానే పని గడుపుకోవాలి. మెట్‌ఫార్మిన్ వాడుతున్నారని స్కాన్ వాయిదా వేసే పొరపాటు కూడా అక్కడక్కడా జరుగుతుంటుంది. ఆ జాగ్రత్త సీటీలో ఇచ్చే అయోడిన్ మందుకు సంబంధించినది, మామూలు మోతాదు గాడోలినియానికి వర్తించదు.

రోగిని సిద్ధం చేయడం

కిడ్నీ పనితీరు గంటగంటకూ మారేది. ముందురాత్రి మాంసాహారం ఎక్కువగా తిన్నా, పొద్దున నీళ్లు మానేసినా, ఉప్పు మోతాదు మారినా కొలతలు మారిపోతాయి. ఆరోగ్యవంతులైన యువకులు నీళ్లు బాగా తాగితే కిడ్నీ లోపలి భాగంలో ఆక్సిజన్ స్థితి మెరుగుపడినట్టు స్కాన్‌లో కనిపించడం చాలాకాలం క్రితమే గమనించిన విషయం. కాబట్టి ఏ స్థితిలో కొలుస్తున్నామో స్థిరపరచకుండా తీసిన అంకెకు విలువ ఉండదు.

నాలుగు గంటల ముందు నుంచి ఆహారం ఆపమని చెప్పండి, నీళ్లు మాత్రం ఆపవద్దని విడిగా, గట్టిగా చెప్పండి. "పరగడుపున రండి" అంటే గుటకైనా నీళ్లు ముట్టకుండా వచ్చే అలవాటు మనవాళ్లకు ఉంది. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఆటో ఎక్కి ఎండలో వచ్చి, గొంతు ఎండిపోయిన స్థితిలో స్కాన్ బల్ల మీద పడుకున్న మనిషి కిడ్నీల్లో మనం చూసేది జబ్బునా, దాహాన్నా అని తేల్చడం కష్టం. నీళ్లకు కొలత పెట్టిన డయాలసిస్, గుండెజబ్బు రోగులు మాత్రం తమ వైద్యులు చెప్పిన కొలతకే కట్టుబడాలి. ఏ మందులు వాడుతున్నారో, వాటిని ఆ రోజు ఏ వేళకు వేసుకున్నారో రాసుకోండి. బీపీ మాత్రల్లో కొన్ని, షుగర్‌కు వాడే ఎస్‌జీఎల్‌టీ2 మందులు, మూత్రం ఎక్కువగా పోయించే మాత్రలు కిడ్నీ రక్తప్రసరణను మారుస్తాయి. స్కాన్ కోసమని వాటిని సొంతంగా ఆపకూడదు. ఆపకపోయినా ఫరవాలేదు, రాసి ఉంటే చాలు. ఇటీవల నరం ద్వారా ఐరన్ ఎక్కించారా అని కూడా అడగండి, ఎందుకన్నది కింద తెలుస్తుంది. ఇటీవలి హీమోగ్లోబిన్, హెమటోక్రిట్ విలువలు ఫైల్లో ఉండాలి.

గుండెలో పేస్‌మేకర్, మెదడులో క్లిప్, చెవిలో కాక్లియర్ ఇంప్లాంట్ గురించిన ప్రశ్నలు ఎలాగూ అడుగుతారు. మన దగ్గర వాటికి తోడు మెట్టెలు, నల్లపూసలు, జడపిన్నులు, మొలతాడుకు కట్టిన తాయెత్తు, చీరకు పెట్టుకున్న పిన్నీసు కూడా అడగవలసినవే. మొలతాడు తీయడానికి ఇష్టపడని పెద్దవాళ్లుంటారు. ఆ తాయెత్తు సరిగ్గా కిడ్నీల మట్టంలోనే ఉంటుందని, అది లోహమైతే బొమ్మ పాడవుతుందని నెమ్మదిగా చెబితే అర్థం చేసుకుంటారు. డయాలసిస్ కోసం చేతికి వేసిన ఫిస్ట్యులా ఎంఆర్‌ఐకి అడ్డు కాదు. అయితే ఆ చేతికి సూది గుచ్చకూడదని, బీపీ పట్టీ కట్టకూడదని టెక్నీషియన్‌కు ముందే తెలియాలి.

చివరిది ఊపిరి. శ్వాసతో పాటు కిడ్నీలు పైకీ కిందికీ ఒకటి రెండు సెంటీమీటర్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ కదులుతాయి. "గాలి పీల్చండి, వదలండి, ఇప్పుడు ఆపండి" అని రోగికి అర్థమయ్యే మాటల్లో, యంత్రంలోకి పంపకముందే మూడు నాలుగు సార్లు సాధన చేయించండి. గాలి వదిలాక ఆపితే కిడ్నీ ప్రతిసారీ దాదాపు ఒకేచోటికి వస్తుంది, పీల్చి ఆపితే అలా రాదు. కానీ వదిలి ఆపడం రోగికి కష్టం, పదిహేను సెకన్లు దాటితే చాలామంది తట్టుకోలేరు. అలాంటివారికి శ్వాసను అనుసరించి తీసే పద్ధతిని ఎంచుకోవాలి.

ఏది ముందు, ఏది వెనుక

మూత్రాశయం ఖాళీ చేయించి, వెల్లకిలా పడుకోబెట్టి, స్థానం గుర్తించే చిత్రాల తరువాత కిడ్నీల నిలువు అక్షం వెంట కొంచెం వాల్చిన కరోనల్ (ఎదురు నుంచి చూసినట్టుండే) టీ2 చిత్రాలు, అంటే నీరు తెల్లగా కనిపించేవి, తీయండి. కిడ్నీల ఆకారం, తిత్తులు, వాపు, రాళ్ల వల్ల వచ్చిన అడ్డంకుల ఛాయలు ఇందులోనే తెలుస్తాయి. తరువాత టీ1 మ్యాపింగ్, డిఫ్యూజన్, ఏఎస్ఎల్, ఫేజ్ కాంట్రాస్ట్, బోల్డ్ వరుసలో అవసరమైనవి తీయాలి. మూత్రం పోయించే ఫ్యూరోసిమైడ్ ఇంజెక్షన్ ఇవ్వవలసి ఉంటే మొదటి బోల్డ్ అయిపోయాకే ఇవ్వాలి. గాడోలినియం అన్నింటికంటే చివర. అది ఒకసారి రక్తంలో కలిసిందంటే టీ1, టీ2 స్టార్ విలువలన్నీ మారిపోతాయి, దాని తరువాత బోల్డ్ తీసినా తీయనట్టే. ఈ క్రమం తప్పితే తిరిగి సరిదిద్దుకునే వీలు ఆ పూటకు ఉండదు.

ఒక్కో పద్ధతి ఏం చెబుతుందో ఇక్కడే చెప్పుకుందాం. టీ1 మ్యాప్‌లో ఆరోగ్యవంతుడి కిడ్నీ వల్కలం, అంటే వెలుపలి పొర, లోపలి దవ్వ కంటే తక్కువ విలువ చూపిస్తుంది. ఆ రెండింటి మధ్య తేడా చెరిగిపోతోందంటే వాపో, మచ్చకట్టడమో ఉన్నట్టు అనుమానించాలి. డిఫ్యూజన్ చిత్రాల్లో నీటి అణువులు స్వేచ్ఛగా కదలగలుగుతున్నాయో లేదో ఏడీసీ అనే విలువగా వస్తుంది. మచ్చకట్టిన కణజాలంలో అది తగ్గుతుంది, కానీ రక్తప్రసరణ తగ్గినా అదే తగ్గుతుంది, కాబట్టి తగ్గిన ప్రతి ఏడీసీని మచ్చ అని రాయకండి. ఏఎస్ఎల్‌లో ఏ మందూ ఎక్కించరు. శరీరంలోని రక్తాన్నే రేడియో తరంగాలతో గుర్తు పెట్టి, గుర్తు పెట్టని చిత్రంలోంచి పెట్టిన చిత్రాన్ని తీసివేసి, వంద గ్రాముల కణజాలానికి నిమిషానికి ఎన్ని మి.లీ. రక్తం చేరుతోందో లెక్కిస్తారు. ఆ తేడా మొత్తం సంకేతంలో కొద్ది శాతమే కావడం వల్ల పదుల సంఖ్యలో చిత్రాలు తీసి సగటు కట్టాలి; 3 టెస్లా (అయస్కాంత బలానికి కొలమానం) యంత్రం ఉంటే మేలు. ఫేజ్ కాంట్రాస్ట్‌లో చిత్రతలం ధమనికి సరిగ్గా అడ్డంగా, అది కొమ్మలుగా చీలకముందే పడాలి. నలుగురిలో ఒకరికైనా అదనపు కిడ్నీ ధమని ఉంటుంది. దాన్ని గమనించకుండా ప్రధాన ధమనినే కొలిచి "ప్రవాహం తగ్గింది" అని రాసే ప్రమాదం ఉంది.

ఈ పద్ధతులన్నింటినీ ఒక్కొక్కరు ఒక్కో రీతిలో తీస్తూ ఉండటం వల్ల ఒక ఆసుపత్రి అంకెలు మరో ఆసుపత్రికి పనికిరాని స్థితి చాలాకాలం ఉండేది. ఐరోపా పరిశోధకులు పారెంకిమా అనే ఉమ్మడి కార్యక్రమం ద్వారా 2020లో ఒక్కో పద్ధతికి సాంకేతిక ఏకాభిప్రాయ సూచనలు వెలువరించారు. కొత్తగా మొదలుపెట్టేవారు తమ సొంత తీరు కనిపెట్టకుండా వాటితోనే మొదలుపెట్టడం మంచిది.

ఆక్సిజన్‌ను చదవడం

బోల్డ్ గురించి కొంచెం ఆగి మాట్లాడుకోవాలి, ఎందుకంటే కిడ్నీ తత్వానికి బాగా దగ్గరైన పద్ధతి అదే. గుండె పంపే రక్తంలో దాదాపు ఐదో వంతు కిడ్నీలకే వస్తుంది. అయినా అందులో అధిక భాగం వల్కలానికే పోయి, దవ్వకు కొంచెమే దిగుతుంది. ఆ దవ్వలోనేమో నాళికలు ఉప్పును తిరిగి లాక్కునే కష్టమైన పని రాత్రింబవళ్లు చేస్తుంటాయి. అందువల్ల ఆరోగ్యవంతుల్లో కూడా దవ్వ ఎప్పుడూ ఆక్సిజన్ కొరత అంచున బతుకుతుంటుంది, రక్తపోటు పడిపోయినా, నీరు తగ్గినా ముందుగా దెబ్బతినేది అదే.

ఆక్సిజన్‌ను వదిలేసిన హీమోగ్లోబిన్ అయస్కాంత క్షేత్రాన్ని కొద్దిగా చెదరగొడుతుంది. మెదడు చిత్రణ కోసం సీజీ ఒగావా 1990లో చూపిన ఈ సూత్రాన్ని ప్రసాద్, ఎడెల్మన్, ఎప్‌స్టీన్ 1996లో మనుషుల కిడ్నీలకు వర్తింపజేశారు. ఒకే ఊపిరిలో అనేక ఎకోలతో (వేర్వేరు క్షణాల్లో అందుకునే సంకేతాలతో) గ్రేడియంట్ ఎకో చిత్రాలు తీసి ఆర్2 స్టార్ అనే విలువను గణిస్తారు. ఆ విలువ పెరిగితే ఆక్సిజన్ తగ్గినట్టు అర్థం. తలసీమియా పిల్లల కాలేయంలో ఇనుము కొలవడానికి వాడే బహుళ ఎకో సీక్వెన్స్ మీ యంత్రంలో ఉంటే, ఎకో సమయాలను సరిచేసుకుని దానితోనే మొదలుపెట్టవచ్చు. ఇనుము గురించి ముందే అడగమన్నది ఇందుకే: కణజాలంలో పేరుకున్న ఇనుము కూడా ఇదే విలువను పెంచుతుంది, అప్పుడు ఆక్సిజన్ కథ చదవడం కుదరదు. ఎడమ కిడ్నీ పక్కన పెద్దపేగులో గాలి నిండి ఉన్నా అదే చిక్కు.

విశ్రాంతి స్థితిలో తీసిన ఒక్క విలువ కంటే, కదిలించి చూసిన విలువ ఎక్కువ చెబుతుంది. మొదటి బోల్డ్ అయ్యాక 20 మి.గ్రా. ఫ్యూరోసిమైడ్ నరంలో ఇచ్చి, పది పదిహేను నిమిషాల తరువాత మళ్లీ తీయండి. ఆ మందు దవ్వలో ఉప్పు లాక్కునే పనిని ఆపుతుంది, పని ఆగితే ఆక్సిజన్ ఖర్చు తగ్గుతుంది, దవ్వలో ఆర్2 స్టార్ కూడా దిగాలి. దిగిందంటే అక్కడి నాళికలు బతికి పనిచేస్తున్నాయని అర్థం. దిగకపోతే ఆపడానికి అక్కడ పనే మిగలలేదేమో ఆలోచించాలి. రోగి నీరు తగ్గి ఉన్నా, రక్తపోటు తక్కువగా ఉన్నా ఈ ఇంజెక్షన్ ఇవ్వకూడదు.

గణించేటప్పుడు వేలితో చుట్టినట్టు చిన్న చిన్న వృత్తాలు గీసి సగటు తీయడం సులభమే, కానీ ఎవరు గీస్తే వారి అంకె వస్తుంది. స్విట్జర్లాండ్‌లోని లొజాన్ బృందం కిడ్నీని వెలుపలి అంచు నుంచి లోపలికి పన్నెండు సమాన పొరలుగా విభజించి ప్రతి పొర సగటునూ గీతగా గీసే పద్ధతిని తెచ్చింది. వల్కలం, దవ్వ సరిహద్దు చెరిగిపోయిన ముదిరిన వ్యాధిలో ఇదే నయం. ఈ పద్ధతి మీద ఆశలు ఎక్కువ, అనుమానాలూ ఎక్కువే. 400 మందిని పరిశీలించి 2012లో ప్రచురించిన అధ్యయనంలో ఆర్2 స్టార్‌కూ వడపోత రేటుకూ సంబంధం కనిపించలేదు. 2018లో లొజాన్ బృందం వల్కలంలో ఆక్సిజన్ తక్కువగా ఉన్న రోగుల్లో తరువాతి ఏళ్లలో కిడ్నీ వేగంగా క్షీణించినట్టు చూపింది. ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకోవని నా అభిప్రాయం. నేటి వడపోతను చెప్పలేని కొలత రేపటి క్షీణతను చెప్పగలగడంలో వైరుధ్యం లేదు.

తిత్తుల కిడ్నీల ఘనపరిమాణం: చేసి చూపిన లెక్క

ఇప్పుడు వైద్యంలో నిజంగా నిర్ణయాలు మార్చగల కొలతకు వద్దాం. పాలిసిస్టిక్ కిడ్నీ వ్యాధిలో తిత్తులు ఏళ్ల తరబడి పెరుగుతున్నా, మిగిలిన నెఫ్రాన్లు (కిడ్నీలో వడగట్టే సూక్ష్మ భాగాలు) ఎక్కువ పని మీద వేసుకోవడం వల్ల క్రియాటినిన్ చాలాకాలం కదలదు. కదిలే నాటికి నష్టం ఎప్పుడో జరిగిపోయి ఉంటుంది. 2006లో వెలువడిన క్రిస్ప్ అధ్యయనం ఈ కిడ్నీలు ఏడాదికి సగటున ఐదు శాతానికి పైగా పెరుగుతాయని ఎంఆర్‌ఐతో కొలిచి చూపింది. అదే బృందం 2012లో, ఎత్తుతో సరిచేసిన ఘనపరిమాణం మీటరుకు 600 మి.లీ. దాటినవారు ఎనిమిదేళ్లలో దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి మూడో దశకు చేరే అవకాశం ఎక్కువని తేల్చింది. ఈ కొలతను వ్యాధి గమనాన్ని ముందే చెప్పే సూచికగా ఎఫ్‌డీఏ 2016లో గుర్తించింది.

కాంట్రాస్ట్ లేకుండా కరోనల్, యాక్సియల్ (అడ్డంగా కోసినట్టుండే), సజిటల్ (పక్క నుంచి చూసినట్టుండే) టీ2 చిత్రాలు తీస్తే చాలు. ప్రతి కిడ్నీకి కరోనల్‌లో ఒక పొడవు, సజిటల్‌లో ఒక పొడవు కొలిచి సగటు తీయండి. యాక్సియల్‌లో వెడల్పు, లోతు కొలవండి. మూడింటినీ గుణించి, పై (π) అనే స్థిరాంకాన్ని ఆరుతో భాగించగా వచ్చే 0.5236తో మళ్లీ గుణించండి. ఉదాహరణకు కుడి కిడ్నీ సగటు పొడవు 18.2, వెడల్పు 9, లోతు 8.5 సెం.మీ. అయితే ఘనపరిమాణం సుమారు 729 మి.లీ. ఎడమది 17, 8.6, 8.2 సెం.మీ. అయితే సుమారు 628 మి.లీ. రెండూ కలిపి 1,357. రోగి ఎత్తు 1.65 మీటర్లు అనుకుంటే, భాగించగా మీటరుకు 822 మి.లీ.

ఇక్కడితో ఆగితే సగం పనే అయినట్టు. 2015లో మేయో క్లినిక్ పరిశోధకులు ఇచ్చిన వర్గీకరణ, ప్రతి ఒక్కరూ మీటరుకు 150 మి.లీ. దగ్గర మొదలయ్యారనుకుని, నేటి వయసుకు ఇంత పరిమాణం రావాలంటే ఏడాదికి ఎంత శాతం పెరిగి ఉండాలో లెక్కిస్తుంది. ఒకటిన్నర శాతం లోపైతే 1ఏ, మూడు లోపైతే 1బీ, నాలుగున్నర లోపైతే 1సీ, ఆరు లోపైతే 1డీ, ఆ పైన 1ఈ. మన 822 మి.లీ. రోగి వయసు 40 అయితే ఏడాదికి సుమారు 4.3 శాతం, అంటే 1సీ. త్వరగా ముదిరే గుంపు. అదే కొలత ముప్పై ఏళ్ల మనిషికి వస్తే 5.8 శాతం, 1డీ. అరవై ఏళ్ల మనిషికి వస్తే 2.9 శాతమే, 1బీ. డయాలసిస్ భయం ఆయనకు చాలా తక్కువ. బొమ్మలు మూడూ ఒకటే, కుటుంబానికి చెప్పవలసిన మాట మాత్రం మూడు విధాలు. అందుకే రోగి ఎత్తు, కచ్చితమైన వయసు లేకుండా ఈ రిపోర్టు రాయకూడదు. తిత్తులు ఒక కిడ్నీలోనే ఉన్నా, ఒక మూలకే పరిమితమైనా ఆ రోగిని రెండో తరగతిగా పక్కన పెట్టాలి, ఈ లెక్క వారికి వర్తించదు. ఏడాదికి ఏడాది వచ్చే చిన్న మార్పును పట్టుకోవడానికి కూడా ఈ అంచనా సూత్రం చాలదు. అప్పుడు ప్రతి ముక్కలో కిడ్నీ అంచు గీసి కూడే పద్ధతే శరణ్యం.

ఏ కిడ్నీ ఎంత పనిచేస్తోంది?

ఈ ప్రశ్నకు మన దగ్గర రివాజు జవాబు న్యూక్లియర్ మెడిసిన్ విభాగంలో తీసే డీటీపీఏ లేదా ఈసీ అనే రేడియోధార్మిక మందు ఇచ్చి తీసే రీనోగ్రామ్. అది చాలినప్పుడు ఎంఆర్‌ఐ అక్కరలేదు. కిడ్నీ వింత ఆకారంలో ఉన్నప్పుడు, మూత్రనాళం చోటు తప్పి వేరేచోట తెరుచుకున్నప్పుడు, పీయూజే (కిడ్నీలో మూత్రం చేరే ద్రోణి, మూత్రనాళం కలిసే చోటు) దగ్గర అడ్డు ఎందుకొచ్చిందో, ధమని ఏదైనా నొక్కుతోందో కూడా తెలియాలన్నప్పుడు ఎంఆర్ యూరోగ్రఫీ రెండు పనులూ ఒకేసారి చేస్తుంది, రేడియేషన్ కూడా లేదు. గాడోలినియం నాళికల్లో తిరిగి పీల్చుకోబడకుండా వడపోతలోనే బయటికి పోతుంది కనుక, అది కిడ్నీలోకి చేరే వేగాన్ని గీతగా గీస్తే వడపోత తెలుస్తుంది.

మందు ఇవ్వడానికి పదిహేను నిమిషాల ముందు ఫ్యూరోసిమైడ్ ఇవ్వండి, పిల్లలకు కిలోకు ఒక మి.గ్రా. చొప్పున, 20 మి.గ్రా. దాటకుండా. ఇది ఇవ్వకపోతే మూత్రంలో గాడోలినియం చిక్కబడి, తెల్లగా మెరవవలసిన ద్రోణి నల్లబడిపోతుంది. కొత్తవారు దాన్ని రాయి అని పొరబడటమూ ఉంది. మందును నెమ్మదిగా ఎక్కిస్తూ కిడ్నీలు, మహాధమని రెండూ పడేలా వరుస చిత్రాలు తీయండి. వల్కలంలో మందు కనిపించిన క్షణం నుంచి కిడ్నీ దిగువ కొన మట్టంలో మూత్రనాళంలో కనిపించే దాకా పట్టిన సమయం 245 సెకన్ల లోపైతే దారి బాగున్నట్టు, 490 దాటితే అడ్డు ఉన్నట్టు, మధ్యలో ఉంటే తేల్చలేనట్టు పిల్లల వైద్యంలో లెక్క. రెండు కిడ్నీల వాటాలు 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే సమానమే అనుకోవచ్చు. కుడిది 38, ఎడమది 62 శాతం వస్తే, రక్తపరీక్షతో వచ్చిన వడపోత రేటు 50 అయిన రోగిలో కుడిది 19, ఎడమది 31 మోస్తున్నట్టు లెక్క. శస్త్రచికిత్స చేసే వైద్యుడికి ఇది పనికొచ్చే అంకె. నేరుగా ఎంఆర్‌ఐ గీతలతోనే సంపూర్ణ వడపోత రేటును ప్రకటించే నమూనాలూ ఉన్నాయి గానీ, మహాధమని సంకేతంలో చిన్న పొరపాటు జరిగినా ఫలితం తారుమారవుతుంది. నన్నడిగితే వాటాలు ఎంఆర్‌ఐ నుంచి, మొత్తం రక్తపరీక్ష నుంచి తీసుకోవడం క్షేమం.

కిడ్నీ పూర్తిగా పని మానేసి మందు లోపలికే రాకపోతే ఈ గీతలేవీ రావు. అప్పుడు కాంట్రాస్ట్ లేకుండా నీటిని మాత్రమే తెల్లగా చూపే గాఢమైన టీ2 చిత్రాలే దారి చూపిస్తాయి. గర్భిణికి కూడా అవే.

రిపోర్టులో ఏముండాలి

ప్రశ్న మొదటి వరుసలో ఉండాలి. తరువాత యంత్రం బలం ఎన్ని టెస్లాలో, రోగి ఎన్ని గంటల నుంచి ఆహారం లేకుండా ఉన్నాడో, నీళ్లు ఎంత తాగాడో, ఆ రోజు వేసుకున్న మందులు, హెమటోక్రిట్, ఇటీవలి క్రియాటినిన్, ఇచ్చిన కాంట్రాస్ట్ పేరు, మోతాదు రాయాలి. ప్రతి అంకెకూ కుడి, ఎడమ విడివిడిగా ఇవ్వాలి. ఊపిరి కదలిక వల్లనో పేగుల్లో గాలి వల్లనో చెడిపోయిన చిత్రాలను లెక్కలో కలపకుండా వదిలేశామని సిగ్గుపడకుండా రాయాలి. ఏడీసీ, ఆర్2 స్టార్, టీ1 విలువలకు సార్వత్రికమైన సాధారణ పరిధులు ఇంకా లేవు కనుక, 1.5 టెస్లాలో వచ్చిన అంకెను 3 టెస్లా అంకెతో పోల్చకూడదు. మీ యంత్రం మీద కొందరు ఆరోగ్యవంతులను తీసి సొంత పరిధి కట్టుకునే దాకా "సాధారణం" అన్న మాట వాడకండి. వల్కలానికీ దవ్వకూ మధ్య తేడా, కుడికీ ఎడమకూ మధ్య తేడా, ఫ్యూరోసిమైడ్ ముందుకూ తరువాతకూ మధ్య తేడా మాత్రం ఏ యంత్రం మీదైనా ఆ మనిషి గురించే మాట్లాడతాయి, వాటికి ప్రాధాన్యం ఇవ్వండి.

ఆరు నెలలకో ఏడాదికో మళ్లీ తీయవలసి వస్తే అదే యంత్రం, అదే సీక్వెన్స్, కుదిరినంతవరకు రోజులో అదే వేళ ఎంచుకోండి. మొదటిసారి వేసవిలో తీసి ఉంటే రెండోసారి రోగికి ఫోన్ చేసినప్పుడు, "అన్నం మానేయండి, నీళ్లు మానొద్దు" అన్న మాట మరోసారి గుర్తుచేయండి.